షూ బాక్స్‌లో దొరికిన పాత బేస్‌బాల్ కార్డులు: ఏవి అసలైనవి, వెయ్యి డాలర్లతో ఏం కొనాలి

మీ ప్రశ్న చదివాను, ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను. తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి సంగతి క్లుప్తంగా చెప్తాను. మీరు క్లీవ్‌లాండ్ దగ్గర ఉంటున్నారు. పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ, బేస్‌బాల్ అంటే ప్రాణం పెట్టే మీ అబ్బాయికి ఒక షూ బాక్స్ నిండా కార్డులు, అంటే ఆటగాళ్ల బొమ్మలు అచ్చేసిన చిన్న అట్టలు, ఇచ్చారు. అందులో పాతకాలపు దిగ్గజ ఆటగాళ్లవి రెండున్నాయి: 1952 నాటి మికీ మాంటిల్ కార్డు ఒకటి, హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి. ఇంకా 1980ల చివరి కార్డులు కొన్ని వందలు ఉన్నాయి. అడుగున ఒక కవర్లో, వెనక పీడ్‌మాంట్ అని సిగరెట్ బ్రాండ్ పేరు అచ్చేసి ఉన్న చిన్న కార్డులు పది దాకా ఉన్నాయి. ఇవి అసలైనవేనా, వీటి విలువెంత, వెయ్యి డాలర్లు పెట్టి తండ్రీకొడుకులు సేకరణ మొదలుపెట్టాలంటే ఎలా, పెట్టుబడిగా ఇది పనికొస్తుందా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు మాంటిల్ సంగతి తేల్చేద్దాం. టెన్షన్ అంతా దాని గురించేనని మీరు రాసిన తీరు చూస్తేనే తెలుస్తోంది. అది 1952లో అచ్చయిన కార్డు కాదు. ఫొటోలో దాని పక్కన పెట్టిన 1987 కార్డుతో సరిగ్గా సమానంగా ఉంది. 1952లో టాప్స్ కంపెనీ వేసిన కార్డులు ఇంతకంటే పెద్దవి. వాటి వెడల్పు 2.625 అంగుళాలు, పొడవు 3.75 అంగుళాలు. ఇప్పుడు మనం చూసే రెండున్నర, మూడున్నర అంగుళాల సైజుకి టాప్స్ మారింది 1957లో. 1983లో ఆ కంపెనీయే 1952 సెట్‌ని ఈ చిన్న సైజులో మళ్లీ అచ్చేసింది. కార్డు వెనక్కి తిప్పండి, రీప్రింట్ సిరీస్ అని కనిపిస్తుంది. ఇది దొంగ కార్డేమీ కాదు, కంపెనీ చెప్పి మరీ వేసిందే. కొద్దో గొప్పో ధర కూడా ఉంది. అబ్బాయి గదిలో ఫ్రేమ్ కట్టించి పెట్టుకోవచ్చు.

వాగ్నర్ కార్డు కూడా పక్కా రీప్రింటే. అట్ట తళతళలాడుతోంది, అంచులు మల్లెపువ్వులా తెల్లగా ఉన్నాయి. అసలు వాగ్నర్ కార్డు ఒకప్పుడు సిగరెట్ పెట్టెల్లో వచ్చినది, నూట పదిహేనేళ్లు దాటిన అట్ట అలా ఉండదు. వెనక వైపు కూడా చూడండి. ఇప్పటిదాకా బయటపడ్డ అసలైన వాగ్నర్ కార్డుల వెనక రెండే రెండు సిగరెట్ బ్రాండ్లు ఉన్నాయి: స్వీట్ కాపొరల్, పీడ్‌మాంట్. ఇంకేది ఉన్నా ఆ కార్డు గురించి ఇక ఆలోచించక్కర్లేదు. ఈ కార్డు రీప్రింట్లు మ్యూజియం దుకాణాల నుంచి ఇంటర్నెట్ దాకా అన్నిచోట్లా అమ్మారు కాబట్టి, అమెరికాలో సగం పాత షూ బాక్సుల్లో ఒక వాగ్నర్ తగులుతూనే ఉంటాడు.

1980ల కార్డుల మీద ఆశ పెట్టుకోకండి. ఆ పదేళ్లలో కంపెనీలు పోటీలు పడి లెక్కాపత్రం లేకుండా అచ్చేశాయి. పాత కార్డుల ధరలు పెరుగుతున్నాయని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. కొన్నవాళ్లంతా ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా దాచారు. అందరూ దాచినదానికి ధర ఎక్కడి నుంచి వస్తుంది? మీ అబ్బాయిని వాటితో హాయిగా ఆడుకోనివ్వండి. కార్డు పట్టుకోవడం, చూడడం, వెనక ఉన్న అంకెలు చదవడం వాటితోనే అలవాటవుతుంది.

అసలు సంపద ఆ అడుగు కవర్లోనే ఉంది. ఫొటోల్లో కనిపిస్తున్నంతలో అవి టీ206 అని పిలిచే పాత సిగరెట్ పెట్టె కార్డులే, నిజమైనవే. వాటి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే పాత కార్డుల్లో అసలు, నకిలీ, ధర, అరుదు అన్నీ ఒకే చోట ముడిపడి ఉంటాయి. ఆ కార్డు ఎలా పుట్టింది, ఇన్నేళ్లు ఎలా మిగిలింది అన్నదే ఆ చోటు. ఇది తెలుసుకున్నవాణ్ణి మోసం చేయడం కష్టం. ఇది తెలియకుండా ధరల పట్టికలు ఎన్ని బట్టీ పట్టినా ఏదో ఒక రోజు దెబ్బ తినక తప్పదు.

టీ206 సెట్ 1909 నుంచి 1911 దాకా వచ్చింది. వేసింది అమెరికన్ టొబాకో కంపెనీ, అప్పట్లో అమెరికా సిగరెట్ వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న సంస్థ. మెత్తటి సిగరెట్ పెట్టె నలిగిపోకుండా అట్టగా పనికొస్తుంది, కొన్నవాణ్ణి మళ్లీ రప్పిస్తుంది అని ఒక్కో పెట్టెలో ఒక్కో ఆటగాడి బొమ్మ పెట్టారు. సిగరెట్లు తాగింది పెద్దవాళ్లే అయినా కార్డులు చేరింది పిల్లల చేతుల్లోకి. మన ఊళ్లలో పిల్లలు అగ్గిపెట్టె బొమ్మలు పోగేసుకుని వాటితో పందేలు ఆడినట్టే, అక్కడి పిల్లలు కూడా ఈ కార్డుల్ని గోడకేసి విసిరి ఆడారు, జేబుల్లో కుక్కుకున్నారు, పుస్తకాల్లో జిగురుతో అంటించుకున్నారు. అందుకే ఈ సెట్‌లో మూలలు గుండ్రంగా అరిగిపోయి, మడత గీతలు పడిన కార్డు కనబడితే నాకు సంతోషంగా ఉంటుంది. ఆ అరుగుదల దాని పుట్టుకకి సరిపోతోంది. పదునైన మూలలతో ఉన్న కార్డు కనబడితేనే భూతద్దం తీస్తాను.

మొత్తం 524 కార్డులు. సేకరించేవాళ్లు ఈ సెట్‌ని మాన్‌స్టర్ అంటారు, ఆ పేరు దానికి తగినదే. వెనక వైపు పదహారు సిగరెట్, పొగాకు బ్రాండ్ల ప్రకటనలు ఉంటాయి. మీ దగ్గర ఉన్న పీడ్‌మాంట్, ఇంకా స్వీట్ కాపొరల్ అన్నిటికంటే విరివిగా దొరుకుతాయి. డ్రమ్, యూజిట్, లెనాక్స్, బ్రాడ్‌లీఫ్ లాంటివి చాలా అరుదు. అదే ఆటగాడు, అదే బొమ్మ అయినా వెనక డ్రమ్ అని ఉంటే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. పోలార్ బేర్ అనేది సిగరెట్ కాదు, పొట్లంలో అమ్మిన విడి పొగాకు. ఆ కార్డులు పొగాకులోనే పడి ఉండేవి కాబట్టి చాలావాటి మీద గోధుమరంగు మరకలు ఉంటాయి. అలాగే అమెరికన్ బ్యూటీ పెట్టె సన్నగా ఉండేది. ఆ కార్డుల్ని ఫ్యాక్టరీలోనే కాస్త సన్నగా కోశారు. ఈ సంగతి తెలియనివాళ్లు దాన్ని ఎవరో కత్తిరించారనుకుని వదిలేస్తారు.

వాగ్నర్ కార్డు కూడా ఈ సెట్‌లోదే. అది ఎందుకంత అరుదంటే, దాన్ని మధ్యలో ఆపేశారు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆటగాడైన వాగ్నర్ తన బొమ్మ వాడుకోవడానికి ఒప్పుకోలేదు. పిల్లలు తన కార్డు కోసం పొగాకు కొనడం ఇష్టం లేక అని కొందరు, తనకి డబ్బివ్వలేదని కొందరు అంటారు. ఆయన స్వయంగా పొగాకు నమిలేవాడు, అయినా నేను మొదటి మాట వైపే మొగ్గుతాను. ఏదైతేనేం, ఇప్పుడు లోకంలో అరవై దాకా మాత్రమే ఉన్నాయని లెక్క. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకి చేతులు మారింది, అదీ కార్డు స్థితికి వేసే గ్రేడ్‌లో పదికి రెండు మార్కులే పడ్డది.

మాంటిల్ కథ పూర్తిగా వేరు. జనం ఈ రెండింటినీ ఒకే గాటన కడతారు, అది తప్పు. 1952 టాప్స్ సెట్‌లో 407 కార్డులు. 311 నుంచి 407 దాకా ఉన్న చివరి విడత దుకాణాలకి ఆలస్యంగా చేరింది. అప్పటికి పిల్లల దృష్టి ఫుట్‌బాల్ మీదికి మళ్లింది. అమ్ముడుపోని పెట్టెలు గిడ్డంగిలో ఏళ్ల తరబడి పడి ఉంటే, ఆ సెట్‌ని తయారుచేసిన సై బర్గర్ 1960లో వాటిని పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించాడు. 311వ నంబర్ మాంటిల్‌ది. కానీ ఆ విడతలో 311, 312, 313 నంబర్లని మిగతావాటికి రెట్టింపు అచ్చేశారు. అంటే మాంటిల్ తన విడతలోనే అరుదైనవాడు కాడు! పేరు తెలియని ఆటగాళ్ల కార్డులు అంతకంటే తక్కువ ఉన్నాయి. మరి ధర దేనికి? కోరేవాళ్లు ఎక్కువ కాబట్టి. 2022 ఆగస్టులో ఒక మాంటిల్ కార్డు 1.26 కోట్ల డాలర్లకి వేలంలో పోయింది. దాని యజమాని 1991లో 50 వేల డాలర్లకి కొన్నాడు. అది పదికి తొమ్మిదిన్నర గ్రేడ్ ఉన్న కార్డు.

అదే సెట్‌లో మొదటి నంబర్ ఆండీ పాఫ్కోది. మామూలు ఆటగాడే, కానీ శుభ్రమైన పాఫ్కో దొరకడం గగనం. పిల్లలు కార్డుల్ని నంబర్ వరసలో పెట్టి రబ్బర్ బ్యాండ్ వేసేవాళ్లు. పైన ఉన్నది పాఫ్కో, దెబ్బలన్నీ అతనికే. అరుదు అనే మాటకి ఇన్ని రకాలున్నాయి: తక్కువ అచ్చయినది, అచ్చయి పోయినది, ఉన్నా మంచి స్థితిలో లేనిది, బోలెడు ఉన్నా అందరూ కోరేది. ఎవరైనా మీకు "ఇది చాలా రేర్ అండి" అంటే, ఈ నాలుగింట్లో ఏ రకమో అడగండి. చెప్పలేకపోతే కొనకండి.

క్లీవ్‌లాండ్‌కి సంబంధించి నాకు ఎంతో ఇష్టమైన కార్డు ఒకటుంది. 1933లో బోస్టన్‌లోని గౌడీ గమ్ కంపెనీ 240 నంబర్లతో సెట్ వేసింది. బేబ్ రూత్ ఒక్కడికే నాలుగు కార్డులున్న సెట్ అది. కానీ 106వ నంబర్ ఎక్కడా దొరకదు. పాపం పిల్లలు పెన్నీ మీద పెన్నీ పెట్టి గమ్ కొంటూనే ఉన్నారు, సెట్ మాత్రం పూర్తి కాలేదు. ఆ నంబర్ కార్డు అసలు వేయనేలేదు. ఫిర్యాదు చేస్తూ ఉత్తరాలు రాసినవాళ్లకి 1934లో ఆ కార్డు వేసి పోస్టులో పంపారు. ఆ కార్డు మీద ఉన్నది న్యాప్ లాజ్‌వే, ఒకప్పుడు క్లీవ్‌లాండ్ జట్టు తన పేరుగా పెట్టుకున్న ఆటగాడు. ఉత్తరానికి పేపర్ క్లిప్‌తో గుచ్చి పంపారు కాబట్టి, ఇప్పటికీ చాలా లాజ్‌వే కార్డుల పైఅంచున ఆ క్లిప్ నొక్కు కనిపిస్తుంది. ఇంకే కార్డు మీదైనా అలాంటి నొక్కు ఉంటే లోపమే. ఈ కార్డు మీద ఉంటే, అది నిజంగా ఆ ఉత్తరంతో వచ్చిందనడానికి గుర్తు.

ఇక మీ కవర్లోని కార్డుల్ని పరీక్షించడం. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనండి, పెద్ద ఖరీదేమీ ఉండదు. కార్డు కింద గోధుమరంగులో ఆటగాడి పేరు, ఊరు ఉంటాయి. ముందు ఆ అక్షరాల మీద భూతద్దం పెట్టండి. అసలు టీ206లో ఆ అక్షరాలు విడిగా ఒకే సిరాతో అచ్చయ్యాయి. అందుకని గీత నిండుగా, ఖాళీలు లేకుండా కనిపిస్తుంది. రీప్రింట్ అంటే కార్డుని ఫొటో తీసి మళ్లీ అచ్చేసినది. అందులో అక్షరం కూడా ఎరుపు, పసుపు, నీలం చుక్కల కలగలుపుగా విడిపోతుంది. తర్వాత ముఖం చూడండి. అసలు కార్డులో ఒకదాని మీద ఒకటి పరుచుకున్న రంగుల పొరలు, చేత్తో వేసినట్టు క్రమం లేని చుక్కలు కనిపిస్తాయి. రీప్రింట్‌లో చుక్కలు బారులు తీరి, పాత న్యూస్‌పేపర్ ఫొటోలో ఉన్నట్టు ఒకే వరసలో ఉంటాయి. మొదట మీ అబ్బాయికి రీప్రింట్ వాగ్నర్‌ని చూపించి, వెంటనే కవర్లోని కార్డు చూపించండి. తేడా ఒక్కసారి కంటికి పట్టిందంటే ఇక జన్మలో మర్చిపోరు. ఆ రకంగా ఆ రీప్రింట్ మీకు మంచి సాయం చేసినట్టే.

అతినీలలోహిత టార్చ్ కూడా పనికొస్తుంది. ఇప్పటి తెల్ల కాగితాల్లో మెరుపు కోసం కలిపే రసాయనాలు ఆ వెలుతురులో నీలంగా వెలుగుతాయి. 1909 నాటి అట్టలో అవి లేవు, అది మసగ్గానే ఉంటుంది. వెలిగిందంటే ఆశ వదులుకోవచ్చు. వెలగలేదు కదా అని సంబరపడకండి, వెలగని కాగితం మీద కూడా నకిలీ వేయొచ్చు. అరుగుదల ఎలా ఉందో చూడండి. టీ నీళ్లలో ముంచి పాతదనం తెప్పించిన కార్డుకి రంగు నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది. మూలలు ఇసుక కాగితంతో రుద్దినట్టు ఉంటాయి కానీ మధ్యలో బొమ్మ మీద గీత కూడా ఉండదు. నిజంగా చేతులు మారిన కార్డు అలా అరగదు.

నకిలీ కంటే పెద్ద ప్రమాదం అసలు కార్డుని మార్చడం. అంచులు అరిగిపోతే సన్నగా కత్తిరించి మూలలు పదును చేస్తారు. వెలిసిన చోట రంగు పూస్తారు, మడతలు నొక్కి సాపు చేస్తారు. దీనికి అందరికంటే పెద్ద ఉదాహరణ వాగ్నరే. ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్స్కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి 1991లో 4,51,000 డాలర్లకి కొన్న కార్డు, కార్డులకి గ్రేడ్ వేసే పీఎస్ఏ సంస్థ మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డు, పదికి ఎనిమిది మార్కులు తెచ్చుకున్న కార్డు అది. దాని అంచులు తానే కత్తిరించానని వేలం సంస్థ అధిపతి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో నేరం ఒప్పుకుంటూ చెప్పాడు. తర్వాత అతనికి 20 నెలల జైలుశిక్ష పడింది. గ్రేడింగ్ వద్దని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ప్లాస్టిక్ పెట్టె మీద అంకె చూసి కొనొద్దు, లోపలి కార్డు చూసి కొనండి అని చెప్తున్నాను.

గ్రేడింగ్ గురించి మీకు కావలసింది ఇంతే. పీఎస్ఏ, ఎస్‌జీసీ, బెకెట్ అనే మూడు పేర్లు గుర్తుంచుకోండి. పాత కార్డులకి మొదటి రెండూ ఎక్కువ వాడతారు. కార్డు పంపితే అసలైనదో కాదో చూసి, ఒకటి నుంచి పది దాకా అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి పంపుతారు. దాన్నే స్లాబ్ అంటారు. కొనేటప్పుడు స్లాబ్ మీది నంబర్ ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడ ఫొటో ఉంటే దానితో పోల్చి చూడండి. ఎందుకంటే స్లాబులకి కూడా నకిలీలు వచ్చాయి. మీ కవర్లోవి అన్నీ పంపకండి. పేరున్న ఆటగాడిది ఉంటే పంపండి. మామూలు ఆటగాడి అరిగిన కార్డుకి గ్రేడింగ్ ఫీజు, పోస్టు ఖర్చు కలిపితే కార్డు ధరలో చెప్పుకోదగ్గ వాటా అయిపోతుంది.

మీ ఆరో ఫొటోలో ఉన్నది అలా పేరున్న ఆటగాడే. ఆడీ జాస్. క్లీవ్‌లాండ్ పిచర్, అంటే బంతి విసిరే ఆటగాడు. 1908 అక్టోబర్ 2న, లీగ్ పోటీ హోరాహోరీగా ఉన్న రోజుల్లో, చికాగో జట్టు నుంచి ఒక్కణ్ణి కూడా బేస్ చేరనివ్వకుండా మ్యాచ్ మొత్తం వేశాడు. మీ చేతిలో ఉన్న కార్డు సిగరెట్ పెట్టెల్లో వస్తున్న కాలంలోనే, 1911 ఏప్రిల్‌లో మెదడు పొరలకి సోకిన క్షయతో చనిపోయాడు. అప్పటికి ఆయనకి 31 ఏళ్లు. ఆ జులైలో మిగతా జట్ల మేటి ఆటగాళ్లంతా క్లీవ్‌లాండ్ వచ్చి, ఆయన కుటుంబం కోసం ఒక మ్యాచ్ ఆడి డబ్బు పోగుచేశారు. అంత అరిగిన స్థితిలో ఆ కార్డు ధర వందల డాలర్లలో ఉంటుంది, వేలల్లో కాదు. కానీ నా మాట విని దాన్ని అమ్మకండి. మీ ఊరి ఆటగాడు, మీ ఊళ్లోనే దొరికిన కార్డు. సేకరణ మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి కార్డు ఏముంటుంది?

వెయ్యి డాలర్లతో ఏం కొనాలన్నదానికి జవాబు కూడా అందులోనే ఉంది. 524 కార్డుల వెంట పడకండి, టీ206లో క్లీవ్‌లాండ్ జట్టు కార్డులు పోగుచేయండి. లాజ్‌వే, సై యంగ్ ఇద్దరికీ మూడేసి బొమ్మలున్నాయి. అవి మీ బడ్జెట్‌ని ఒక్క దెబ్బకి మింగేస్తాయి కాబట్టి చివర్లో పెట్టుకోండి. మిగతా ఆటగాళ్లవి, గ్రేడ్ ఒకటి, రెండు స్థాయిలో, ఒక్కోటి కొన్ని పదుల డాలర్లకి దొరుకుతాయి. నీల్ బాల్ కార్డుతో మొదలుపెట్టండి. 1909 జులైలో బోస్టన్ మీద, ఎవరి సాయం లేకుండా ఒక్కడే ఒకే బంతికి ముగ్గురిని ఔట్ చేశాడు. అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో, ఆధునిక కాలంలో అలా చేసిన మొదటివాడు అతనే. అప్పుడు బంతి వేస్తున్నది సై యంగ్. అయినా నీల్ బాల్ కార్డు మామూలు ధరకే వస్తుంది. పైగా అతనికి ఈ సెట్‌లో రెండు కార్డులున్నాయి, ఒకటి న్యూయార్క్ జట్టుతో, ఒకటి క్లీవ్‌లాండ్‌తో. ఆ ఏడాదే జట్టు మారాడు మరి.

రెండో దారి 1952 నుంచి 1956 దాకా వచ్చిన టాప్స్ కార్డులు. పెద్దవి, రంగులు కళ్లకి ఇంపుగా ఉంటాయి, పిల్లలకి నచ్చుతాయి. మాంటిల్, విల్లీ మేస్ లాంటివాళ్లని పక్కన పెడితే మధ్యస్థంగా ఉన్నవి చవగ్గానే వస్తాయి. అయితే ఒక్క విషయం అబ్బాయికి తప్పకుండా చెప్పండి. 1947కి ముందు మేజర్ లీగ్ ఆటగాళ్లతో వేసిన ఈ పెద్ద సెట్లలో నల్లజాతి ఆటగాళ్లు లేరు. వాళ్లని ఆ లీగుల్లోకే రానివ్వలేదు. ఆ ఏడాది జాకీ రాబిన్సన్ వచ్చాకే ఆ తలుపు తెరుచుకుంది. సాచెల్ పేజ్ లాంటి మహా పిచర్ క్లీవ్‌లాండ్ తరఫున మేజర్ లీగ్‌లో అడుగుపెట్టేసరికి ఆయనకి 42 ఏళ్లు, అది 1948. చికాగోలోని లీఫ్ కంపెనీ సెట్‌లో ఉన్న ఆయన కార్డు తక్కువగా అచ్చయింది, మన అందుబాటులో ఉండదు. దాని ధర చూసి ఆశ్చర్యపోయేవాళ్లు, అంతకుముందు ఇరవై ఏళ్లలో ఆయనకి అలాంటి కార్డు ఒక్కటీ ఎందుకు లేదో కూడా తెలుసుకోవాలి.

కొనే చోటు విషయానికొస్తే, మొదటి కొన్ని కార్డులు స్లాబ్‌లో ఉన్నవే కొనండి. కన్ను అలవాటయ్యాక విడి కార్డులకి వెళ్లొచ్చు. ఈబేలో అడుగుతున్న ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. వేలం సంస్థల్లో పాడిన మొత్తం మీద కొనేవాళ్ల దగ్గర అదనంగా ఇరవై శాతం, ఒక్కోచోట ఇంకా ఎక్కువ వసూలు చేస్తారు. పాట పాడే ముందే ఆ లెక్క వేసుకోవాలి. వీలైతే ఏటా జరిగే నేషనల్ అనే కార్డుల ప్రదర్శనకి అబ్బాయిని తీసుకెళ్లండి. అది క్లీవ్‌లాండ్‌లోనూ జరుగుతుంటుంది. టేబుల్ వెనక కూర్చున్న పెద్దవాళ్లు, కొనకపోయినా సరే, కుర్రాడు ఆసక్తిగా అడిగితే కార్డు చేతికిచ్చి చూపిస్తారు. మన తెలుగు పిల్లలు అక్కడ బిడియపడి వెనక నిలబడటం చూశాను. ముందుకెళ్లి అడగమని చెప్పండి.

"మా తాతగారి అటక మీద దొరికాయి" అని చెప్పేవాళ్లతో జాగ్రత్త. అలాంటివి నిజంగా జరగవని కాదు. 2012లో మన ఒహాయోలోనే, డిఫయన్స్ అనే ఊళ్లో ఒక కుటుంబం తాతగారి ఇంటి అటక సర్దుతుంటే 1910 నాటి మిఠాయి కార్డులు ఏడు వందల దాకా బయటపడ్డాయి. ముట్టుకోనట్టే ఉన్నాయి, టై కాబ్, సై యంగ్, వాగ్నర్‌తో సహా. ఆ ఆగస్టులో మొదటి విడత 37 కార్డులే 5 లక్షల డాలర్లు దాటాయి. ఆ ఒక్క అటకతో ఆ సెట్‌లో శుభ్రమైన కార్డుల సంఖ్య ఒక్కసారిగా మారిపోయింది. నిన్నటిదాకా లోకంలో ఒకటో రెండో ఉన్నాయనుకున్నవి ఇవాళ పది అవుతాయి.

పెట్టుబడి ప్రశ్నకి నా జవాబు ఇదే దారిలో వెళ్తుంది. పైన చెప్పిన కోట్ల డాలర్ల అమ్మకాలు నిజమే కానీ, అవి మనం కొనే కార్డుల కథ కాదు. 2020, 2021లో కరోనా రోజుల్లో ధరలు ఆకాశాన్నంటాయి. కార్డుల వరద తట్టుకోలేక పీఎస్ఏ కొన్నాళ్లు చాలావరకు తీసుకోవడమే ఆపేసింది. ఆ ఊపులో కొన్నవాళ్లు తర్వాత చాలామంది నష్టానికి అమ్ముకున్నారు. అమ్మేటప్పుడు కమిషన్ పోతుంది. ఏడాది దాటి ఉంచుకుని అమ్మినా, ఇలాంటి సేకరణ వస్తువుల లాభం మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు, షేర్ల కంటే ఎక్కువ. పిల్లాడి కాలేజీ డబ్బు ఇందులో పెట్టకండి. పోయినా ఇల్లు గడిచే డబ్బుతో, చూసుకుని ఆనందించడానికి కొనండి. మంచి ఆటగాడి నిజాయితీ గల పాత కార్డుకి సాధారణంగా విలువ నిలబడుతుంది, అంతవరకు చాలు.

దాచే విషయంలో పెద్ద రహస్యాలు లేవు. మెత్తటి ప్లాస్టిక్ కవర్, దాని మీద గట్టి హోల్డర్, ఎండ తగలని చోటు. బేస్‌మెంట్‌లో పెట్టకండి, క్లీవ్‌లాండ్ తేమ మీకు తెలుసు. రబ్బర్ బ్యాండ్, టేప్ దగ్గరికి రానివ్వొద్దు. మీ కార్డుల్లో రెండింటి వెనక పాత జిగురుతో అంటుకున్న కాగితం కనిపిస్తోంది. ఆల్బమ్ నుంచి పీకినవి అవి. శుభ్రమైన నీళ్లలో నానబెట్టి తీయడం సేకర్తల్లో చాలామంది ఒప్పుకునే పద్ధతే, కానీ మొదటిసారి ఇలాంటి కార్డు మీద ప్రయోగం చేయకండి. ఆ కాగితం ఉన్నా కార్డుకి పోయేదేమీ లేదు.

జిగురు అంటే జెఫర్సన్ బర్డిక్ గుర్తొస్తాడు. సిరక్యూస్‌కి చెందిన మనిషి. టీ206 అని మనం పిలిచే పేరు ఆయన కేటలాగ్ నుంచే వచ్చింది. టీ అంటే ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులు, ఎన్ అంటే పందొమ్మిదో శతాబ్దానివి, ఈ అంటే తొలినాటి మిఠాయి కార్డులు. కీళ్లనొప్పులతో వేళ్లు వంకరపోయినా, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకి వెళ్లి తాను దానం చేసిన మూడు లక్షల పైచిలుకు కార్డులు, కాగితాలు ఆల్బమ్‌లలో ఏళ్ల తరబడి తనే అంటించాడు. 1963 జనవరిలో చివరిది అంటించి, రెండు నెలలకే కన్నుమూశాడు. ఆ ఆల్బమ్‌లలో ఒక వాగ్నర్ కూడా ఉన్నాడు. డబ్బు లెక్క వేసుకోని మనిషి వేసిన దారిలోనే ఇప్పటికీ మనమందరం నడుస్తున్నాం. న్యూయార్క్ వెళ్తే మ్యూజియంలో ఆ కార్డులు ప్రదర్శనలో ఉన్నాయేమో కనుక్కుని అబ్బాయికి చూపించండి.

చివరిగా, మీరు అడగని సంగతి ఒకటి. ఆ పెద్దాయనకి అడుగు కవర్లో ఏముందో తెలిసి ఇచ్చారో, తెలియక ఇచ్చారో. వెళ్లి చెప్పండి. కార్డులు పట్టుకెళ్లి చూపించి, వీటికి ఇంత విలువ ఉందట అని చెప్పి, ఆయనేమంటే అది చేయండి. నాకు తెలిసి అలా చెప్పినప్పుడు ఎక్కువమంది "ఉంచుకో నాయనా" అనే అంటారు. పైగా అవి ఎవరివి, ఏ ఇంట్లో ఉండేవి, ఎవరు ఆల్బమ్‌లో అంటించారు అన్న వివరాలు ఆయనే చెప్పగలరు. చెప్పినవి ఒక కాగితం మీద రాసి తేదీ వేసి, కార్డులతో పాటు దాచండి.

ఆ తర్వాత మొత్తం కార్డుల వెనక వైపు ఫొటోలు పగటి వెలుతురులో తీసి ఇక్కడ పెట్టండి. పీడ్‌మాంట్ అన్న పేరు దగ్గర 150 అని ఉందో 350 అని ఉందో, కింద ఫ్యాక్టరీ నంబర్ ఏముందో కనిపించేలా తీయండి. అది చూస్తే ఒక్కో కార్డు ఏ విడతలోదో, వాటిలో గ్రేడింగ్‌కి పంపదగ్గవి ఏవో చెప్తాను.